మా అమ్మ, ఆదెమ్మ

నరసరావుపేట
12 జూన్ 1958

చెల్లెలు ఆదెమ్మకు,

ఇక్కడ దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. మీ వదిన గ్రేసమ్మకు మోకాళ్ళ నొప్పి, నాకు తొమ్మిదో తరగతి పిల్లల నొప్పి. ఈ రెండూ తప్ప చెప్పుకోదగ్గ జబ్బులు లేవు.

దయామణి మార్కుల కాగితం చూశాను. లెక్కలు పాసు, తెలుగు పాసు, సాంఘికం పాసు. ఇంగ్లీషులో ఆరు మార్కులు తక్కువై ఎస్సెల్సీ మొత్తం పోయింది. పిల్ల ఏడుస్తుంటే ఏడవనియ్యి. రెండు రోజులు ఏడిస్తే మంచిదే, మూడో రోజు కాగితం కలం పట్టుకోమను. ఏసయ్య బావ చనిపోయిన ఏడాది నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. నా కూతురు ఒకరి చేలో కూలికి వంగకూడదు అన్నావు. మార్చిలో ఈ పరీక్ష గట్టెక్కితే టీచరు ట్రైనింగులో సీటు నేను చూస్తాను. గట్టెక్కకపోతే మాత్రం నా చేతిలో ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా నేను ఇంగ్లీషు చెబుతున్నాను, నా మేనకోడలే ఇంగ్లీషులో తప్పిందంటే స్టాఫు రూములో నా తల ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు.

పిల్లకు మాటలు వచ్చు. పాడు చేసేదంతా ఉత్తరం రాసే ప్రశ్నలో, ఇంట్లోవాళ్ళ పేర్ల దగ్గర. కామాలు పెట్టదు, పెడితే ఉండకూడని చోట పెడుతుంది. నీకు అర్థమయ్యేలా చెబుతాను, నువ్వే కాపలా కాయాలి గనక. మనం 'అమ్మా' అని పిలిస్తే ఆ దీర్ఘమే చెబుతుంది పిలుస్తున్నామని. ఇంగ్లీషువాడికి పాపం ఆ దీర్ఘం లేదు, అందుకని కామా పెట్టుకుంటాడు. ఇంకోటి, వరస చెప్పి పేరు చెప్పేటప్పుడు. 'మా అమ్మ, ఆదెమ్మ, బొల్లాపల్లిలో ఉంటుంది' అనాలంటే పేరుకు అటూ ఇటూ కామా ఉండాలి. అమ్మ ఒక్కతే గదా. బాబాయిలు నలుగురుంటే వాళ్ళలో ఎవరో పేరుతోనే తేలాలి గనక కామా ఉండదు. అంటే కామా పెట్టాలంటే ముందు మనుషులు ఎంతమందో తెలియాలి.

కాబట్టి పిల్ల చేత ఇవి రాయించి పంపు. ఏసయ్య బావకు అన్నదమ్ములు ఎంతమంది, ఉన్నదెవరు, పోయిందెవరు. నాన్న ఇంటి గురించీ, తూర్పు చేను గురించీ, అందులో ఎవరుంటున్నారు, ఎవరు సాగు చేస్తున్నారు అని పది వాక్యాలు. ప్రతి కాగితం కింద సంతకం, తేదీ ఉండాలి. నా క్లాసులో ఎప్పుడూ అదే పద్ధతి, లేకపోతే ఒకడి కాగితం ఇంకొకడు దిద్దించుకుపోతాడు. కాగితాలు నా దగ్గరే ఉంటాయి. తప్పులు మాత్రం విడిగా రాసి పంపుతాను.

మీ అన్న,
రాజారత్నం

◆

బొల్లాపల్లి
29 జూన్ 1958

అన్నా,

నీ ఉత్తరం అంది వారమైంది. వాన పడుతుందేమోనని చేలో కాపలా ఉన్నట్టే ఉన్నాం. ఒక జల్లు పడి, నాగలి కట్టేలోపు ఆరిపోయింది. మేకకు రెండు పిల్లలు. మా పెద్దాడు దేవానందం డ్యాము పనిలోనే ఉన్నాడు, మొన్న ఆదివారం వచ్చి గుడిలో అందరికంటే గట్టిగా పాడి పోయాడు.

దయామణి నువ్వు చెప్పినట్టు రాసింది, ఇందులో పెట్టాను. సంతకం, తేదీ పెట్టమంటే పెట్టింది. నీ మేలు నేను మరవను అన్నా. ఆ పిల్ల చాక్‌పీసు పట్టుకుని నిలబడిన రోజు చూస్తే నాకింకేం అక్కర్లేదు. ఇది మనసులో మాట.

ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. బావ తమ్ముళ్ళు ముగ్గురని నీకు తెలుసు. బావ సమాధి దగ్గర వాళ్ళ పక్కనే నిలబడ్డావు. పిడుగురాళ్ళలో వాళ్ళు నాకు చేసిందీ తెలుసు. బావ పనిచేసిన సున్నపుబట్టీ వాళ్ళు సాయం డబ్బు ఇస్తారంట, దానికి కావాలి వదినా అని మూడు తెల్లకాగితాల మీద నా చేత సంతకం పెట్టించుకున్నారు. నేను పెట్టాను. ఆ తర్వాత ఇల్లు వాళ్ళదైంది, నేను ఇద్దరు పిల్లలతో నాన్న ఇంటికి వచ్చాను. అంతా తెలిసినవాడివి, ఉన్నదెవరు, పోయిందెవరు అని కొత్తగా రాయించడం ఏంది? ఇంట్లో ఎవరుంటున్నారో, చేను ఎవరు దున్నుతున్నారో నువ్వు ఎరగవా?

కామా కోసమే అన్నావు. సరే అనుకున్నాను.

నీ చెల్లి,
ఆదెమ్మ

◆

నరసరావుపేట
14 జూలై 1958

ఆదెమ్మకు,

కామా కోసమే తల్లీ. కలెక్టరు కోసం కాదు.

దయామణి కాగితం చూసి నవ్వుకున్నాను. 'మా మామ రాజారత్నం' అని నా పేరుకు అటూ ఇటూ రెండు కామాలు తగిలించింది. తెలుగులో అయితే ఒప్పే, మేనమామను నేనొక్కణ్ణే. ఇంగ్లీషులో మేనమామకూ, బాబాయికీ, పెదనాన్నకూ, అత్త మొగుడికీ అందరికీ ఒకటే మాట, అంకుల్. ఆ భాషలోకి అడుగుపెట్టేసరికి నేను నీ ముగ్గురు మరుదులతో కలిసి నలుగురిలో ఒకణ్ణి అయిపోయాను. నా కామాలు ఊడిపోయాయి. మీ వదినకు చెబితే, మీకు ఉన్నదే ఆ రెండు కామాలు, అవీ పోయాయా అంది.

పిల్లకు అలవాటు కావాలంటే రాసిందే రాయాలి. రెండు వాక్యాలు విడి కాగితం మీద ఇంగ్లీషులో రాసి పెట్టాను. 'మా అమ్మ, ఆదెమ్మ, మా మామ ఇంట్లో ఉంటుంది.' 'మా అమ్మ, ఆదెమ్మ, మా మామ చేను సాగు చేస్తుంది.' ఒక్కొక్కటి ఇరవైసార్లు. కింద సంతకం, తేదీ. వచ్చేవారం కల్లా నాకు చేరాలి.

వానలు పడితే రాయి. ఇక్కడ బజారులో బురద తప్ప వానకు గుర్తేమీ లేదు.

రాజారత్నం

◆

బొల్లాపల్లి
10 ఆగస్టు 1958

అన్నకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను.

నువ్వు పంపిన ఇంగ్లీషు కాగితం దయామణి ఇరవైసార్లూ రాసి మడిచి పోస్టు చేసింది. నేను చేలో ఉన్నాను. సాయంత్రం నువ్వు పంపిన కాగితం చూరులో ఉంటే తీశాను. మన పక్క ఊరి గోపాలరావు ఉన్నాడే, మీ నరసరావుపేటలోనే ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా, ఆదివారం ఇంటికొస్తాడు. అతని చేత చదివించాను. చదివి మళ్ళీ చదివాడు. ఇది ఎవరు రాయమన్నారక్కా అన్నాడు. మా అన్న అన్నాను. ఎన్నిసార్లన్నాడు. ఇరవై అన్నాను.

"ఒకసారి రాస్తే పొరపాటు అనుకోవచ్చక్కా. ఇరవైసార్లు రాసి సంతకం పెట్టిందంటే, రేపు ఎవరడిగినా ఆ పిల్ల కాదనలేదు" అన్నాడు. అని టీ తాగి పోయాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

మామ ఇల్లు, మామ చేను. నాన్న పోయేటప్పుడు తూర్పు చేను నాదన్నాడు. మంచం పక్కన నువ్వున్నావు, నేనున్నాను, నాంచారమ్మత్త ఉంది. అత్త పోయింది. ఇక మిగిలింది నువ్వూ నేనే. ఇది నేను ఇన్నేళ్ళు ఎప్పుడూ ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. ఇప్పుడు నా కూతురి చేతే, తేదీ వేయించి మరీ రాయిస్తున్నావు. మరుదులు నా చేత మూడు కాగితాల మీద పెట్టించుకున్నారు. నువ్వు ఎన్ని పెట్టించుకున్నావో నాకు లెక్క కూడా తెలియదు.

నేను నిన్ను అనుమానించడం లేదు అన్నా. కాగితాలు తిరిగి పంపించు, అంతే. అన్నీ పంపించు.

దయామణికి ఈ ఉత్తరం సంగతి తెలియదు. ఆ పిల్ల నీ కవరు వచ్చిన రోజు ఎక్కడలేని హుషారుగా ఉంటుంది. నా కంటే నీ మాటే ఎక్కువైపోయింది.

ఆదెమ్మ

◆

నరసరావుపేట
19 ఆగస్టు 1958

ఆదెమ్మా,

నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. మీ వదిన ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, నాకు చెల్లెలు ఉందో లేదో చూసుకుంటున్నాను అన్నాను.

'మామ' అన్న మాట వాక్యంలో రావాలి గనక ఆ వాక్యం అల్లాను. మాకు పిల్లల్లేరు. జీతముంది, రేపు పెన్షనుంది, స్కూలు వెనక రెండు గదుల ఇల్లుంది. ఆ ఎర్రమట్టి చేను నేనేం చేసుకుంటాను? నాన్న మంచం పక్కన విన్నది నువ్వొక్కదానివే అనుకున్నావా? ఇది నా నోటితో చెప్పించుకోవాలా నువ్వు?

ఇక కాగితాల సంగతి. అన్నీ పంపలేను. నాలుగు మాత్రం ఇందులో ఉన్నాయి. మిగతావి పదో తరగతి గోడకు అంటించాను. మన పిల్ల రాత ముత్యాల్లా ఉంటుంది, మా వెధవలకు అది చూస్తే సిగ్గొస్తుందని. ఇప్పుడు నలభై మంది పిల్లలకు నీ పేరు తెలుసు. 'మా అమ్మ, ఆదెమ్మ' అని చెబితే కామా ఎక్కడో కళ్ళు మూసుకుని చెబుతారు. చించితే మెతుకుల జిగురుతో సున్నం కూడా ఊడొస్తుంది. హెడ్మాస్టరు ఒప్పుకోడు.

ఆ గోపాలరావు ఎవడే? మన ఇంటి ఉత్తరాలు చదవడానికి అతనికి ఏం పని? వయసెంత? పెళ్ళయిందా?

అన్న

◆

బొల్లాపల్లి
21 సెప్టెంబరు 1958

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరంలోని మాటలకు నాకు చానా బాధేసింది. తొందరపడ్డాను. నువ్వు పెద్దవాడివి, మనసులో పెట్టుకోవద్దు. గోడకు అంటించిన సంగతి విని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. ఒక్క సంగతి మాత్రం, ఆ గోడ మీద కాగితాలు పరీక్షలు కాగానే తీయిస్తావా, సున్నంతో పాటైనా సరే?

వానలు పడ్డాయి. కంది బాగుంది. వదిన మోకాళ్ళకు ఆముదం కాచి పంపుతాను, దేవానందం అటు వచ్చినప్పుడు ఇస్తాడు. గోపాలరావుకు పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు. ఆ అనుమానం నీకెందుకొచ్చిందో నాకు తెలియదు.

దయామణి ఈ నెల పది వాక్యాలు సొంతంగా రాసింది. ఒక్కొక్కటీ చూసి, ఒప్పయితే పక్కన టిక్కు పెట్టి, కింద నీ సంతకం, తేదీ పెట్టి పంపు. నువ్వు పిల్లకు చెప్పిన పద్ధతే గదా. ఈ కాగితం మాత్రం తప్పకుండా తిరిగి పంపించు. పిల్ల దాచుకుంటానంటోంది.

నీ చెల్లెలు,
ఆదెమ్మ

◆

నరసరావుపేట
6 అక్టోబరు 1958

ఆదెమ్మకు,

నీ ఉత్తరంలో ఇంత తీపి నేను ఎరగను. ఇందులో చక్కెర కలిపావా అని మీ వదినను అడిగాను.

కాగితం దిద్దాను. కామాలన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. పదింటికి పది. టిక్కు పెట్టి, సంతకం, తేదీ వేసి ఇందులో పెట్టాను, నువ్వడిగినట్టే.

కానీ నాకు ఒక అనుమానం. రాత దయామణిదే, ఇంకు ఊదాది. మన ఇంట్లో ఊదా ఇంకు ఎప్పటి నుంచి? వాక్యాలు మరీ ఘోరం. 'మా తాత, జాకరయ్య, తన సంపూర్ణ ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, తూర్పు చేనును మా అమ్మ, ఆదెమ్మ, కు ఇచ్చెను.' పదిహేడేళ్ళ పిల్లకు ఈ మాటలు ఎక్కడివి? ఎవరో చెబుతుంటే రాస్తోంది. పరీక్షలో పక్కన కూర్చుని చెప్పేవాడు ఉండడు. ఎవరు చెబుతున్నారో నాకు తెలుసు, అతనికి ముగ్గురు పిల్లలైనా ముప్పైమంది పిల్లలైనా పిల్ల చదువులో వేలు పెట్టవద్దని చెప్పు.

పరీక్షకు ప్రైవేటుగా కట్టే దరఖాస్తు వచ్చే నెల వస్తుంది. పంపుతాను, చూసుకో.

రాజారత్నం

◆

నరసరావుపేట
27 నవంబరు 1958

ఆదెమ్మకు,

రెండు నెలలుగా దయామణి కాగితం ఒక్కటీ రాలేదు. ఎందుకో అడగను.

పరీక్ష దరఖాస్తు ఇందులో ఉంది. నాకు తెలిసినంతా నేనే నింపాను. సంరక్షకుల సంతకం అన్న చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టాను. అక్కడ నువ్వు సంతకం చెయ్యి. అభ్యర్థి అన్న చోట పిల్ల చెయ్యాలి. డిసెంబరు 15 లోపల నా చేతికి రావాలి, ఫీజు నేను కడతాను. ఒక్కరోజు ఆలస్యమైనా తీసుకోరు, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

మీ వదినకు ఆముదం అందింది. మోకాళ్ళు కాస్త నయం.

అన్న

◆

బొల్లాపల్లి
5 డిసెంబరు 1958

అన్నకు,

కాగితం అందింది. నీ పెన్సిలు గుర్తు చూశాను. ఆ గుర్తుకు పైన నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఎందుకు? నేను సంతకం పెట్టాక అక్కడ ఏం రాస్తారు? ఎవరు రాస్తారు?

నీకు తెలిసినంతా నువ్వే నింపానన్నావు. ఏం నింపావో తెలుగులో రాయి.

ఆదెమ్మ

◆

నరసరావుపేట
9 డిసెంబరు 1958

ఆదెమ్మా,

ఆ ఖాళీలో హెడ్మాస్టరు రాస్తాడు, పిల్ల నడవడిక మంచిదని. నేను నింపింది పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లను పెట్టుకుని నన్ను తెలుగులో రాయమంటావా? సంతకం పెట్టి పంపు. 15వ తేదీ. ఇక రాయను.

రాజారత్నం

◆

నరసరావుపేట
22 డిసెంబరు 1958

ఆదెమ్మకు,

15 పోయింది. హెడ్మాస్టరు కాళ్ళావేళ్ళా పడి 18 దాకా ఆపించాను. అదీ పోయింది.

ఇప్పుడు నాకు అర్థమైంది. ఊదా ఇంకూ, రెండు నెలల మౌనమూ, ఇదీ అన్నీ కలిపి చూసుకున్నాను. పిల్లకు సంబంధం కుదిర్చావు. నాకు చెబితే అడ్డుపడతానని దాచావు. మేనమామను, నాకు చెప్పకుండా చేస్తావా? కుర్రవాడు ఎవరు? ఎక్కడివాడు? కనీసం అది రాయి.

క్రిస్మసుకు వద్దామనుకున్నాం. రావడం లేదు.

రాజారత్నం

◆

బొల్లాపల్లి
4 జనవరి 1959

అన్నకు,

పెళ్ళీ లేదు, సంబంధమూ లేదు. అలాంటిదే అయితే బాగుండేది.

ఉన్నదున్నట్టు రాస్తాను. నడుమ ఆగితే ఇక రాయలేను.

ఆ దరఖాస్తు వచ్చిన రోజు పోస్టు ఆయన చేను గట్టు మీదే ఇచ్చాడు. ఇంటికి తెచ్చి జొన్నల గాదెలో పెట్టాను, అడుగున, గింజల కింద. దయామణి రోజూ అడిగేది, అమ్మా మామ ఫారం వచ్చిందా అని. రాలేదన్నాను. రోజూ అడిగింది, రోజూ రాలేదన్నాను. మీ మామకు పని ఎక్కువై మరిచిపోయినట్టున్నాడు అని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు నా నోరు పడిపోవాలి.

గోపాలరావు వస్తే చూపించి అప్పుడు సంతకం పెడదామని నా లెక్క. అతను వాళ్ళ ప్లీడరు వెంట గుంటూరు కేసుకు పోయి ఇరవై రోజులు రాలేదు. పదిహేనో తేదీ నాకు తెలుసు. పొద్దున లేచి పదిహేను అనుకున్నాను, పొద్దు పోయేదాకా అనుకుంటూనే ఉన్నాను. పోతే ఒక ఏడాది పోతుంది, సంతకం పెడితే ఇల్లే పోతుంది అనుకున్నాను. ఒకసారి పెట్టి పోగొట్టుకున్నదాన్ని గదా. ఆ మూడు కాగితాలు పెట్టించుకున్నప్పుడు మరుదులు కూడా వదినా వదినా అని ఎంతో ప్రేమగా మాట్లాడారు. నువ్వు ప్రేమగా రాసిన కొద్దీ నాకు భయం ఎక్కువైంది. నువ్వు కోప్పడి రాస్తే, దొరికిపోయి కోప్పడుతున్నాడు అనుకున్నాను. ఎట్లా రాసినా నాకు అట్లాగే కనపడింది.

ఊదా ఇంకు కాగితం సంగతీ చెబుతాను. అది గోపాలరావు కలం, మాటలూ అతనివే. నేను పక్కన కూర్చుని దయామణి చేత రాయించాను. ఇవి కామాల కోసమేనా అమ్మా అని అడిగింది. అవునన్నాను. నీ టిక్కూ నీ సంతకమూ వచ్చాక ఆ కాగితం పెట్టెలో బట్టల కింద దాచాను, రేపు నువ్వు చేను అడిగితే నీ చేతిరాతే నీకు చూపిద్దామని. నువ్వు నాకు చేస్తున్నావని నేను అనుకున్న పని, నేనే నీకు చేశాను అన్నా. నా కూతురి చేతే చేయించాను.

క్రిస్మసు అయిన రెండో రోజు దయామణి సంగటికి జొన్నలు తీయబోయి గాదెలో చెయ్యి పెట్టింది. నేను దొడ్లో మేకకు ఆకు వేస్తున్నాను. వచ్చి చూస్తే జొన్నలు కింద పోసి ఉన్నాయి, పిల్ల గడప మీద కూర్చుని కాగితం చూస్తోంది. నేను ఏడుస్తుందనుకున్నా, అరుస్తుందనుకున్నా. ఏమీ లేదు. నన్ను పక్కన కూర్చోమంది. వేలు పెట్టి ఒక్కొక్క వరసా తెలుగులో చదివింది. అభ్యర్థి పేరు, దయామణి. తండ్రి పేరు, ఏసయ్య, బ్రాకెట్లో లేరు. పుట్టిన తేదీ. ఊరు. రాయదలచుకున్న సబ్జెక్టు, ఇంగ్లీషు. ఇది హెడ్మాస్టరు రాసే చోటు. ఇది నీ సంతకం చోటు. ఇది నాది. చివర అచ్చువేసినోళ్ళ పేరు కూడా చదివింది. ఇల్లు లేదు, చేను లేదు.

నేను, ఎవరితోనన్నా చదివిద్దామని ఆగాను అన్నాను. గోపాలరావు రాలేదు అన్నాను.

"నేను ఇంట్లోనే ఉన్నా గదమ్మా" అంది. అంతే అంది.

అన్నా, ఆ మాటకు జవాబు ఉంది గానీ ఆ పిల్ల మొహం చూసి చెప్పలేకపోయాను. నీకు రాస్తున్నాను. నువ్వు డిసెంబరులో అడిగావు, ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్ల ఉండగా అని. నాకు ఆ ఆలోచన రాక కాదు. మొదటి రోజే వచ్చింది. గాదె మూత తీసి పిలుద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. నీ దగ్గర చదువుకున్న పిల్ల, నీ ఉత్తరం కోసం ఎదురుచూసే పిల్ల, ఉన్నది చదువుతుందా, నువ్వు చదవమన్నది చదువుతుందా అనుకున్నాను. నా కడుపున పుట్టిన పిల్లను నేను నమ్మలేదు. అది చదువుకోవాలనే ఒంటిపూట తిని చేను దున్నాను. అది చదివితే మాత్రం నమ్మలేదు. దానికది అర్థమైంది. నేను చెప్పకుండానే అర్థమైంది.

ఆ ఊదా కాగితం ఇందులో పెట్టి పంపుతున్నాను. చించుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం.

దయామణి నాతో మాట్లాడుతోంది. మాట్లాడటం లేదని కాదు. కూర ఏం చెయ్యను, మేకను ఎక్కడ కట్టెయ్యను అని అడుగుతుంది. నిన్న మాత్రం, మామ దగ్గర ఉండి వచ్చే ఏడు పరీక్షకు చదువుకుంటాను అంది. అడగలేదు, చెప్పింది. బట్టలు తనే సర్దుకుంది. గురువారం వినుకొండలో రైలెక్కుతుంది, దేవానందం వచ్చి దింపుతాడు. స్టేషనుకు వెళ్ళి పిల్లను తీసుకెళ్ళు. పిల్లను కాస్త ప్రేమగా చూడమని వదినకు చెప్పు, దాని మీద కోపం వద్దు, అది ఏ తప్పూ చెయ్యలేదు.

ఎన్నాళ్ళుంటావని నేను అడగలేదు. నాకు ఆ మొహం లేదు. నువ్వే ఎప్పుడన్నా మాటల్లో అడిగి, ఏమందో నాకు రాయి. తెలుగులోనే రాయి, ఈసారి నేనే చదువుకుంటాను.

నీ చెల్లెలు,
ఆదెమ్మ